రసాయన పరీక్షకుని సాక్ష్యము



నెల్లూరు సముద్రతీరమందలి గ్రామములలో ఎవరైనను ఒక్క రాత్రిలో వాంతులతో ప్రాణము విడిచినచో, తెల్లవారుసరికి రెండు మాటలు పుట్టును. "పాడు రోగమేదో తగిలినది" అని కొందరందురు. "ఎవరో ఏదో పెట్టినారు" అని కొందరు చెవులు కొరుకుకొందురు. మొదటి మాట నాలుగు దినములలో మరుగుపడును. రెండవ మాట ఒక కుటుంబమును తరతరములు వెంటాడును. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చు భారము, ఆ గ్రామము నెన్నడును చూడనివాడును, మృతుని పేరును సీసాపై అంటించిన చీటిమీద తప్ప ఎరుగనివాడును అగు ఒక ఉద్యోగిపై పడును. ఆయనయే ప్రభుత్వ రసాయన పరీక్షకుడు. ఆయన పనిచేయు స్థలమును నేడు ఫోరెన్సిక్ ప్రయోగశాల యందురు.

ఆయన చేయు పని ఎట్టిది, ఆయన చెప్పగలిగిన దెంత, చెప్పజాలని దెంత అను సంగతులను నేడు మనవి చేయదలచితిని. నేను రసాయన శాస్త్రజ్ఞుడను కాను. బడిపంతులుగా జీవితము గడిపినవాడను. కాని ఒకసారి ఆ పరీక్షకుని పనికిని నా సంతకమునకును ముడి పడినది. ఆ కథ తరువాత చెప్పెదను. దానివలన నేను తెలిసికొన్న దొక్కటి: పరీక్షకుని సాక్ష్యములో సగము ప్రయోగశాలలో తయారగును, తక్కిన సగము గ్రామములోనే, పెద్దమనుష్యుల కన్నులయెదుట తయారగును. ఈ రెండవ సగము చెడినచో మొదటి సగము ఎంత గట్టిదైనను నిలువదు.

విషమును గుర్తించు విద్య మనకు క్రొత్త కాదు. సుశ్రుతసంహితయందు కల్పస్థాన మను భాగము కలదు. రాజునకు వడ్డించు అన్నమును ముందుగా నిప్పులో వేసి చూడవలెననియు, విషము కలసినదైనచో అది చిటపటలాడుననియు, మంట నెమలి కంఠపు రంగు దాల్చుననియు అందు చెప్పబడినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాల్గవ అధికరణమందు అకస్మాత్తుగా మరణించినవాని దేహమును పరీక్షించు విధానమునకై ఒక అధ్యాయమే కలదు. దేహమునకు నూనె పూసి చూడవలెననియు, విషమువలన మృతుడైనట్లు తోచినచో అతడు తినగా మిగిలిన అన్నమును పరీక్షింపవలెననియు అందున్నది. ఈ గ్రంథమును మైసూరు పండితులు శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించి లోకమునకు అందించిరి.

ఈ పరీక్షలను చూచి నవ్వనక్కరలేదు. మైలుతుత్తము నిప్పులో పడినచో మంట పచ్చగను నీలముగను మారుట నేటి బాలురు బడిలో చేసి చూచుచున్నదే. అయినను ఈ పద్ధతికి రెండు లోపములు కలవు. అది ఏ విషమో, ఎంత విషమో తెలుపదు. అంతేగాక, మంట చూచినవాడు చూచినట్లు చెప్పవలసినదే. మరునాడు మరియొకనికి ఆ మంటను చూపుట సాధ్యము కాదు. న్యాయస్థానమునకు చూచినవాని నమ్మకము మాత్రము చాలదు; చూపదగిన వస్తువు కావలెను.

ఈ కష్టము పాశ్చాత్యులకును కలిగినది. 1833లో ఇంగ్లండు దేశమున ఒక ముసలి రైతు కాఫీ త్రాగి మరణించెను. ఆ కాఫీని పరీక్షింపుమని జేమ్స్ మార్ష్ అను రసాయనజ్ఞుని కోరిరి. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసనగల గంధకపు వాయువును అందులోనికి పంపగా, పాషాణమునకు గుర్తగు పసుపుపచ్చని మడ్డి దిగినది. కాని విచారణనాటికి ఆ మడ్డి చెడిపోయి రంగు మారినది. చూచిన జూరీవారు నమ్మలేదు. ముద్దాయి విడుదలయై, పిమ్మట తానే ఆ పని చేసితినని ఒప్పుకొనెను. మార్ష్ పట్టుదలతో పనిచేసి, చెడని గుర్తు నిచ్చు పరీక్ష నొకదానిని కనిపెట్టి 1836లో ప్రకటించెను.

ఆ పరీక్ష ఇట్టిది. జింకు ముక్కలపై గంధకామ్లము పోసినచో ఉదజని యను వాయువు పుట్టును. అందు అనుమానపు ద్రవమును చేర్చినచో, దానియందలి పాషాణము ఉదజనితో కూడి వాయురూపమున వెలువడును. ఆ వాయువును సన్నని గాజుగొట్టము గుండ పంపుచు గొట్టమును ఒకచోట కాల్చినచో, ఆ చోటు దాటిన పిదప గాజు లోపల నల్లని అద్దమువంటి పూత ఏర్పడును. ఒక మిల్లీగ్రాములో 50వ వంతు పాషాణమున్నను అది కనబడును. ఒక బియ్యపుగింజ తూకము సుమారు 20 మిల్లీగ్రాములు. అనగా గింజలో వేయవ వంతు విషమును ఈ పరీక్ష పట్టుకొనునన్నమాట. ఆ గొట్టమును భద్రపరచి న్యాయాధిపతికి చూపవచ్చును.

ఇచ్చట పరీక్షకుని ధర్మబుద్ధి తెలియుచున్నది. ఆంటిమనీ యను మరియొక లోహము కూడ ఇట్టి పూతనే ఇచ్చును. కావున పూతపై బ్లీచింగు పొడి కలిపిన నీటిని పోసి చూడవలెను. పాషాణపు పూత కరగును, ఆంటిమనీ పూత కరగదు. మరియు తాను వాడు జింకులోను ఆమ్లములోను పాషాణము ముందే యుండవచ్చును. కావున అనుమానపు ద్రవమును చేర్చకమునుపే ఉత్త పరీక్ష నొకదానిని జరిపి, గొట్టము తెల్లగానే యుండుట చూచుకొనవలెను. 1840లో ఫ్రాన్సు దేశమున భార్య భర్తకు పాషాణము పెట్టినదను వ్యాజ్యములో ఓర్ఫిలా అను పండితుడు శవభాగములను మాత్రమే గాక, పెట్టె చుట్టునున్న శ్మశానపు మట్టిని సైతము పరీక్షించి, విషము మట్టినుండి రాలేదని తెలిసికొన్న పిదపనే తన మాట చెప్పెను. ఇతరుల నేరమును వెదకువాడు ముందు తన పాత్రలను శంకింపవలెను. ఇది ఆ వృత్తికి మొదటి పాఠము.

మార్ష్ పరీక్ష ప్రకటింపబడిన 13 ఏండ్లకు, 1849లో, మదరాసు నగరమున రసాయన పరీక్షకుని ప్రయోగశాల వెలసినది. మన దేశమున ఇట్టివానిలో అదియే మొదటిది. పిమ్మట 1853లో కలకత్తాయందును, 1864లో ఆగ్రాయందును, 1870లో బొంబాయియందును ఏర్పడినవి. నెల్లూరు జిల్లా 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు మదరాసు క్రిందనే యుండెను గనుక, నూరేండ్లకు పైగా ఈ తీరపు వ్యాజ్యములకు మదరాసే ప్రయోగశాలగల పట్టణము. ఇప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖకే ఫోరెన్సిక్ ప్రయోగశాలలు కలవు. తిరుపతియందు ప్రాంతీయ ప్రయోగశాల యున్నది.

ఆ కాలమున పరీక్షకునికి వచ్చు విషములు మనము ఎరిగినవే. తెల్ల పాషాణము, రసకర్పూరము, ముష్టిగింజలు, ఉమ్మెత్త గింజలు, గన్నేరు వేరు, వసనాభి, నల్లమందు. బాటసారులకు ఉమ్మెత్త గింజల పొడి కలిపిన తినుబండారములు పెట్టి, వారు తెలివితప్పగా దోచుకొను దొంగలుండిరి. వీనియన్నిటిలో తెల్ల పాషాణము మిక్కిలి మోసకారి. దానికి వాసన లేదు, రుచి తెలియదు, పిండిలోను ఉప్పులోను కలిసిపోవును. అది చూపు లక్షణములు వాంతులు, విరేచనములు, కండరముల పట్లు. ఇవి కలరా లక్షణములే. కావున కలరా ప్రబలిన దినములలో విషము పెట్టినవాడు తప్పించుకొనుటకును, విషమే ఎరుగని ఇల్లాలిపై నింద పడుటకును సమానముగా అవకాశముండెను. పాషాణాదుల అమ్మకమును అదుపుచేయుటకు 1904లో ఒక శాసనమును, దాని స్థానమున 1919లో మరియొకటియు చేయబడినవి.

పాషాణము ఖనిజము, దేహము కుళ్ళినను అది నశింపదు. మొక్కల విషములు అట్టివి కావు. మాంసములో, అన్నములో, పిత్తములో కలసిపోయిన కొలది విషమును విడదీయుట ఎట్లు? ఈ చిక్కును 1850లో బెల్జియము దేశపు స్టాస్ అను పండితుడు విప్పెను. ఆమ్లము చేర్చిన సారాయములో శవభాగములను నానబెట్టి, వడగట్టి, క్షారము చేర్చి, ఈథరుతో కలియబెట్టినచో విషము ఈథరులోనికి ఎక్కును. మాంసపు పదార్థములు క్రింద నిలిచిపోవును. వ్యాజ్యములో అతడు పట్టుకొన్నది పొగాకునుండి తీసిన విషము. ఇట్లు విడదీసిన దానిని రంగుల పరీక్షలకు లోబరచుదురు. ముష్టిగింజల సత్తుపై గంధకామ్లమును, పొటాసియము డైక్రోమేటును చేర్చినచో ఊదారంగు పుట్టి మెల్లగా మారిపోవును. ఉమ్మెత్త సత్తును ఒక బొట్టు పిల్లి కంటిలో వేసినచో కనుపాప పెద్దదగును. పూర్వము ఇట్లును పరీక్షించుచుండిరి.

నేటి పద్ధతులు ఇంతకంటె సూక్ష్మములు. వాని మూలసూత్రమును నేను బడిలో సుద్దముక్కతో చూపుచుండెడివాడను. సుద్దముక్క చుట్టు నల్లసిరా గీత గీచి, దాని అడుగును నీటిలో నిలిపినచో, నీరు పైకి ప్రాకుచు సిరాను వెంట తీసికొనిపోవును. నల్లగా నున్న సిరా నీలము, ఎరుపు, పసుపు అని విడిపోయి వేరువేరు ఎత్తులలో ఆగును. ఒక్కొక్క పదార్థము ప్రాకు వేగము ఒక్కొక్కటి. రష్యా దేశపు ట్స్వెట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 20వ శతాబ్ది ఆరంభమున ఆకుల రంగులను ఇట్లు విడదీసెను. ఇదియే క్రొమాటోగ్రఫీ. నేటి పరీక్షకుడు సుద్దకు బదులు గాజుపలకపై పలుచని పూతను వాడును. లేదా పదార్థమును ఆవిరిచేసి సన్నని పొడవైన గొట్టము గుండ పంపును. ఆ గొట్టము చివర మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రము ఆ పదార్థపు అణువులను ముక్కలుచేసి తూచి, వాని తూకముల పట్టిక ఇచ్చును. అనుమానపు సరుకును, పేరు తెలిసిన సరుకును ప్రక్కప్రక్కన నడిపి, రెండును ఒక్కచోట ఆగి ఒక్క పట్టికనే ఇచ్చినప్పుడు మాత్రమే "ఇది ఫలానాది" అని ఆయన వ్రాయును.

ఈ కాలమున సీసాలలో పాషాణముకంటె పొలములో చల్లు పురుగుమందులే ఎక్కువగా కనబడును. భాస్వర సంబంధమైన పురుగుమందు త్రాగినవానికి నోట నురుగును, కంట నీరును కారును. కనుపాపలు ఆవగింజలవలె చిన్నవగును. ఉమ్మెత్తకు దీనికి సరిగా విపర్యయము: నోరు ఎండును, కనుపాప పెద్దదగును. చిత్రమేమనగా, ఉమ్మెత్త జాతి మొక్కలలో నుండు అట్రోపీను అను పదార్థమునే పురుగుమందు త్రాగినవానికి వైద్యులు విరుగుడుగా సూదిమందు నిత్తురు. విషమునకు విషమే మందు అను పెద్దల మాట ఇచ్చట అక్షరాల నిజము. కాని కొలత తెలిసిన వైద్యుని చేతిలో మాత్రమే సుమా.

మన జిల్లాకు ఈ ప్రయోగశాలతో మరియొక సంబంధమును కలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాయిపై తిరుగబడిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వము సారాయిని నిషేధించెను. దొంగసారాయి పట్టుబడినప్పుడు అందేమున్నదో చెప్పవలసినవాడు రసాయన పరీక్షకుడే. త్రాగు సారాయము 78 డిగ్రీలవద్ద మరుగును. మిథనాలు అను విషసారాయము 65 డిగ్రీలవద్ద మరుగును. రెండును నీటివలె తేటగానుండును. వాసనలో భేదము త్రాగువానికి తెలియదు. కాని మిథనాలు దేహములో మారి కన్నులు పోగొట్టును, ప్రాణము తీయును. ఆ భేదమును చెప్పగలది ప్రయోగశాల యొక్కటే.

ఇక సీసాల సంగతి. శవపరీక్ష చేయు వైద్యుడు విషమని అనుమానించినప్పుడు కడుపును, ప్రేగులో కొంత భాగమును, కాలేయములోను మూత్రపిండములలోను కొంత భాగమును తీసి వేరువేరు సీసాలలో ఉంచును. ఇవి కుళ్ళకుండుటకు సాధారణముగా వాడునది, మన ఇసకపల్లి ఉప్పుమళ్ళలో పండు వస్తువే. నీరు ఇక కరగించుకొనజాలనంత ఉప్పు కలిపిన నీటిలో వానిని ముంచుదురు. మన బెస్తవారు చేపలకు ఉప్పు పట్టించుటలో గల సూత్రమే ఇందును గలదు. కుళ్ళునప్పుడు పుట్టు వాయువుచే సీసా పగులకుండ పైన మూడవ వంతు ఖాళీ విడుతురు. కొన్ని సందర్భములలో ఉప్పునీటికి బదులు సారాయము వాడవచ్చును. కాని త్రాగి మరణించెనని అనుమానము గలవాని భాగములను సారాయములో ఉంచినచో ఇక పరీక్షింప నేమున్నది? అందుచేత దేనిలో ఉంచవలెనో కూడ విచారించియే ఉంచవలెను.

వాడిన ఉప్పునీటిని కొంత వేరొక సీసాలో పోసి దానిని కూడ పంపుదురు. ఉప్పులోనే ఏదైన కల్తీ యున్నచో అది మృతుని విషముగా తేలరాదు గదా. సీసాలకు మూతలు బిగించి, గుడ్డ కట్టి, లక్క కరగించి ముద్ర వేయుదురు. ఆ ముద్ర నమూనాను వేరుగా పంపుదురు. ప్రయోగశాలలో సీసా అందిన వెంటనే పరీక్షకుడు చేయు మొదటి పని విషమును వెదకుట కాదు. ముద్రను నమూనాతో పోల్చి చూచుట. ముద్ర చెదరియున్నచో, చెదరినదని వ్రాయును. పిమ్మటనే మూత తీయును. సరుకంతయు ఒక్కసారి వాడక, మరల పరీక్ష కోరినచో ఇచ్చుటకు కొంత భద్రపరచును.

ఆయన నివేదికను చదువుటయు ఒక విద్యయే. "విషము కనబడలేదు" అని వ్రాసినచో విషము పెట్టలేదని అర్థము కాదు. వాంతులలో పోయియుండవచ్చును, దేహములో మారిపోయియుండవచ్చును, చాల దినములు గడచి నశించియుండవచ్చును. "కనబడినది" అని వ్రాసినచో అదియే చంపెనని గాని, ఎవరో పెట్టిరని గాని అర్థము కాదు. రససింధూరము సేవించువాని దేహములో పాదరసము కనబడుట వింత కాదు. పొలమున మందు చల్లివచ్చినవాని బట్టలపై మందు ఉండుట నేరము కాదు. ఏ సీసాలో ఏ పదార్థము ఎంత యున్నది, ఇంతమాత్రమే పరీక్షకుడు చెప్పును. ఎవరు పెట్టిరి, ఏల పెట్టిరి అనునది ఆయనకు తెలియదు. తెలిసినట్లు నటించువాడు ఆ పనికి తగడు.

1984లో సుప్రీంకోర్టు ఒక తీర్పునందు, విషము పెట్టి చంపెనను నేరము రుజువగుటకు నాలుగు సంగతులు చూడవలెనని చెప్పెను. ముద్దాయికి చంపుటకు కారణము ఉండవలెను. మృతుడు ఆ విషముచేతనే మరణించియుండవలెను. ఆ విషము ముద్దాయి చేతిలో ఉండియుండవలెను. దానిని పెట్టు అవకాశము అతనికి కలిగియుండవలెను. ఈ నాలుగింటిలో రసాయన పరీక్షకుడు తోడ్పడునది ముఖ్యముగా రెండవదానికి. తక్కినవి మనుష్యుల సాక్ష్యముపై ఆధారపడును. ఆ మనుష్యులు తరచుగా మనవంటి గ్రామస్థులే.

ఇప్పుడు నా కథ చెప్పవలెను.

సుమారు నలువది ఏండ్ల క్రిందటి మాట. నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనై సముద్రపుదరి గ్రామమొకదానిలో పనిచేయుచుంటిని. ఒక ఇంట పెద్దాయన రాత్రి భోజనమైన పిదప మరణించెను. చిన్నకోడలు ఇచ్చిన మజ్జిగ త్రాగెనని మాట పుట్టినది. చెంబులో కొంత మజ్జిగ మిగిలియున్నది. పోలీసువారు వచ్చి, మధ్యవర్తులు కావలెననగా, "పంతులుగారు చదువుకొన్నవారు" అని ఊరివారు నన్ను పిలిచిరి. నేను అరుగుపై కూర్చుండి పంచనామా వ్రాయుటలో సాయపడితిని. చెంబు లోపలి వసారాలో నున్నది. దానికి గుడ్డ కట్టి ముద్ర వేసితిమని ఎవరో వచ్చి చెప్పిరి. బడి గంట వేళయగుచున్నది. నేను లేచి చూడలేదు. "మా సమక్షమున ముద్ర వేయబడినది" అను వాక్యము క్రింద సంతకము పెట్టితిని.

ఏడాదిన్నర గడచిన పిదప సెషన్సు కోర్టులో నన్ను బోనెక్కించిరి. శవభాగములలో పురుగుమందు కనబడినదని నివేదిక వచ్చియుండెను. చెంబులోను అదియే మందు కనబడినది. పెద్దాయన తానే మందు త్రాగెనా, మజ్జిగలో కలిపి ఇచ్చిరా అను ప్రశ్నకు ఆ చెంబొక్కటే ఆధారము. ముద్దాయి పక్షపు ప్లీడరు లేచి శాంతముగా అడిగెను.

"అయ్యా, ముద్ర వేయునప్పుడు చెంబులో మజ్జిగ ఎంత యున్నది?"

నేను మాటాడలేదు.

"ముద్రపై ఏ అక్షరములున్నవి?"

"తెలియదండీ."

"ముద్ర వేయుట తమరు చూచితిరా?"

బడిలో పిల్లలకు సత్యమును గూర్చి పద్యములు వల్లె వేయించిన నోరు అది. "చూడలేదు" అని చెప్పితిని. న్యాయాధిపతి నావైపు ఒకసారి చూచి వ్రాసికొనెను. చెంబుపై ఆధారపడిన సాక్ష్యమంతయు అంతటితో పోయినది. ఆ కోడలిని విడుదల చేసిరి.

విడుదల యైనది గదా, మంచిదే యని తోచవచ్చును. కాని ఆమె నిర్దోషియని న్యాయస్థానము తేల్చలేదు. నేరము రుజువు కాలేదని మాత్రమే తేల్చినది. ఊరు ఈ భేదమును గట్టిగా పట్టుకొనును. నేను బదిలీయై వచ్చు నాటికి ఆమె చేతి మంచినీరు పుచ్చుకొనువారు లేరు. పేరంటమునకు పిలుచువారు లేరు. ఆమె దోషి యైనచో, ఒక వృద్ధుని ప్రాణమునకు న్యాయము దొరకలేదు. ఆమె నిర్దోషి యైనచో, నేను లేచి పది అడుగులు నడచి చూడనందున ఆ నింద ఆమెపై శాశ్వతముగా నిలిచినది. ఈ రెంటిలో ఏది నిజమో నేటికిని నేనెరుగను. దూరపు పట్టణమున పరీక్షకుడు తన పని సరిగానే చేసెను. చేయవలసినది చేయనివాడను నేను.

శాసనములు మారినవి. రసాయన పరీక్షకుని నివేదికను, ఆయన స్వయముగా రాకున్నను, సాక్ష్యముగా గ్రహింపవచ్చునను నియమము 1898 నాటి స్మృతిలో నుండెను. 1973 నాటి స్మృతిలోను నిలిచినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయందును కలదు. న్యాయస్థానము కోరినచో ఆయనను పిలిపించి ప్రశ్నింపవచ్చును. ఏడేండ్లు గాని అంతకు మించి గాని శిక్షగల నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయముగా ఆ చోటికి వచ్చి ఆధారములు సేకరింపవలెనని ఈ క్రొత్త సంహిత విధించినది. ఇది అంతట అమలునకు వచ్చుటకు రాష్ట్రములకు 5 ఏండ్ల గడువు ఇచ్చినది. సోదాలును, వస్తువులు పట్టుకొనుటయు చిత్రముతోను శబ్దముతోను రికార్డు చేయవలెనని కూడ చెప్పినది. ఇవి మంచి ఏర్పాట్లు. అయినను అనుమానాస్పద మరణమును విచారించునప్పుడు ఆ చుట్టుపట్ల గౌరవనీయులగు ఇద్దరు గాని అంతకు మించి గాని నివాసులు ఉండవలెనను నియమము తీసివేయబడలేదు. 1984లో మునసబు కరణముల పదవులు రద్దయినవి గాని, గ్రామపెద్దల కన్నులకు గల పని రద్దు కాలేదు.

కావున నా వయసువారికిని, నాకు పెద్దలైనవారికిని చేతులు జోడించి మనవి చేయుచున్నాను. ప్రాణమున్నంతవరకు మొదటి పని ఆసుపత్రికి చేర్చుట. మందు డబ్బా యున్నచో దానిని కూడ వైద్యునికి చూపుడు. మరణము సంభవించి అనుమానము కలిగినచో, గిన్నెలు కడుగనీయకుడు. వాంతి పడిన బట్టను పారవేయనీయకుడు. తొందరపడి దహనము చేయనీయకుడు. మధ్యవర్తిగా పిలిచినప్పుడు వెనుదీయక పొండు. పోయినప్పుడు అరుగుమీద కూర్చుండకుడు. వస్తువు ఏది, ఎంత యున్నది, ఎచ్చట నున్నది కన్నులార చూడుడు. లక్క కరగునప్పుడు దగ్గర నిలువుడు, ముద్రపై అక్షరములను చదువుడు, ముద్రలను లెక్కింపుడు. చూచినదానిని చదివి పిదప సంతకము పెట్టుడు. చూడనిదానిక్రింద ఎవరు కోరినను సంతకము పెట్టకుడు. ఖాళీ కాగితముపై అసలే పెట్టకుడు. నివేదిక వచ్చువరకు ఎవరి పేరును నోట రానీయకుడు.

ఏ పరీక్షకుడో మరియొక పట్టణమున గాజుగొట్టము ముందు కూర్చుండి, తన జింకును, తన ఆమ్లమును, ఉప్పునీటిని సైతము శంకించి, ఒక్కొక్క మెట్టుగా సత్యమును చేరుకొనుచున్నాడు. ఆయనకు మన ఊరు తెలియదు, మన తగవులు తెలియవు. లక్కముద్ర చెదరకయున్నచో ఊరి పెద్దలు చూచియే పంపిరని ఆయన నమ్మును. ఆ నమ్మకమునకు తగినట్లు చూచి పంపుట మన వంతు.